ఇంటి చల్లదనమునకు అంకె యెంత?

పప్పులో ఉప్పెంత వేయవలయునో, పాలు తోడువేయునపుడు వేడి యెంత యుండవలయునో, పసిబిడ్డకు పోయు నీళ్ళు మోచేతికి ఎట్లు తగులవలయునో మనకు ఎవరును చెప్పనక్కఱలేదు. వ్రేలితో తాకి, ఆవిరి చూచి కొలత కట్టుట మన చేతులకు తరతరములుగా అబ్బిన విద్య. అయినను ఇటీవల మన యిండ్లలో గోడకెక్కిన ఏసీ విషయమున మాత్రము ఈ విద్యను మనము వినియోగించుట లేదు. రిమోటు ఎవరి చేతనుండునో వారిదే అంకె. ఆ అంకెను ఏల పెట్టిరో పెట్టినవారికిని తెలియదు, కూర్చున్నవారికిని తెలియదు.

సోదరీమణులారా, ఇది చిన్న మాటగా దోచవచ్చును. ఇంటి బిల్లు, పెద్దల ఆరోగ్యము, మన దేహముల సుఖము, ఈ మూడును ఆ అంకెపై నాధారపడి యున్నవి గనుక దానిని గూర్చి నేను చదివి తెలిసికొన్న విషయములను, మా యింట నాచరణలో పెట్టిన పద్ధతిని మీ యెదుట నుంచుచున్నాను.

నా పుట్టినిల్లు వనపర్తి, మెట్టినిల్లు గద్వాల, మా ఆడుబిడ్డ నిచ్చినది నాగర్‌కర్నూలు. ఈ మూడూళ్ళును 2016 అక్టోబరులో వేఱువేఱు జిల్లాలకు కేంద్రము లయ్యెను గాని, వేసవి మాత్రము మూడింటికిని ఒక్కటే. చైత్రము గడచునప్పటికి ఎండ 40 డిగ్రీలను దాటుట మా వైపు వింతగాదు. పూర్వము మా ప్రాంతపు మట్టిమిద్దెలకు గోడలు మందము, కిటికీలు చిన్నవి. పగటి వేడి పైకప్పు మట్టిలో దిగి లోపలికి వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకెడిది. అప్పటికి ఇంటివారందఱు చాపలు చుట్టుకొని మిద్దె యెక్కెడివారు. ఇప్పుడు పలుచని గోడలు, స్లాబు కప్పు. స్లాబు పగలంతయు ఎండను త్రాగి, రాత్రి పది గంటలకు పడుకగదిలోనికి వదలుచుండును. కావున మన తఱమువారు ఏసీని కోరుటలో విలాసమే కలదని నేననను.

మా తండ్రిగారు నాకు ఇంటనే ఋతుసంహారము చెప్పిరి. కాళిదాసు ఆ కావ్యమును గ్రీష్మముతోనే ఆరంభించి, ఆ కాలమున జనులు కోరు వస్తువులలో జలయంత్రములుగల గృహములను, చందనమును పేర్కొనెను. ఆ జలయంత్రము రాజులది, శ్రీమంతులది. నేడు ఒక ఉపాధ్యాయుని జీతముతో నడచు ఇంటిలోనికి అంతకంటె గొప్ప యంత్రము వచ్చినది. వచ్చినదానిని వివేకముతో నడపుట మన పని.

మా యింట నలుగురము. మా వారు ఒంటిపూట బడి ముగించుకొని పండ్రెండున్నర గంటలకు ఎండలో బడి వత్తురు. వచ్చినంతనే రిమోటు పుచ్చుకొని 18 పెట్టుదురు. మా అత్తగారికి డెబ్బది యేండ్లు దాటినవి. ఆమె మే మాసమున రెండు దుప్పట్లు కప్పుకొని, “బిడ్డా, ఈ చలికి నా మోకాళ్ళు పట్టుకపోతున్నయి, జర తగ్గించు” అని మూల్గుచుందురు. మా యమ్మాయి చదువు నడుమ పదిమార్లు తలుపు తీసి మూయుచుండును. ఇక నేను వంటింటికిని ఆ గదికిని నడుమ తిరుగుచుందును. ఒకవైపు పొయ్యివేడి, ఒకవైపు చలిగాలి. ఒంటిమీది చెమట ఆఱకముందే వణకు.

ఇందులో భాషాసమస్య యొకటి కలదు. మా వారు “తగ్గించు” మన్నచో అంకెను తగ్గింపుమని యర్థము. అనగా చలి పెంచుమని. మా అత్తగారు అదే మాట యన్నచో చలిని తగ్గింపుమని. అనగా అంకెను పెంచుమని. ఒకే క్రియాపదమునకు ఒకే యింట రెండర్థములు! మీ యింటను ఇట్లే జరుగుచుండునని నా నమ్మకము. ఈ తగవు తీర్చుటకు మొట్టమొదట ఆ అంకె యనగా నేమో తెలియవలెను.

ఆ అంకె చలియొక్క వేగమును దెలుపునది కాదు. ఎక్కడ ఆగవలెనో యంత్రమునకు మనము చెప్పు హద్దు. కుళాయి క్రింద బిందె పెట్టితి మనుకొనుడు. సగము వఱకు నింపుద మన్నను, మెడవఱకు నింపుద మన్నను ధార ఒకటే. నీరు పట్టు కాలమే వేఱు. అట్లే 18 పెట్టినను 25 పెట్టినను, మండుచున్న గదిలో ఏసీ మొదట తన పూర్ణశక్తితోనే పనిచేయును. పాతరకపు యంత్రము హద్దు చేరువఱకు నిండుగా నడచి ఆగిపోవును; ఇన్వర్టరు యంత్రము హద్దునకు దగ్గఱైనకొలదియు తన వేగమును తగ్గించుకొనును. 18 పెట్టినంత మాత్రమున గది త్వరగా చల్లబడదు. ఆ హద్దు ఎన్నటికిని అందదు గనుక యంత్రము విశ్రాంతి యెఱుగక నడచుచుండును, అంతే.

మఱియొక విషయము. వేడి యనునది పల్లమునకు పాఱు నీటివంటిది. బయట 40 డిగ్రీలుండగా గదిని 20 వద్ద నుంచిన, రెంటికి అంతరము 20. అదే 26 వద్ద నుంచిన, అంతరము 14. అంతర మెంత యెక్కువైన, గోడలనుండి, కప్పునుండి, తలుపు సందులనుండి వేడి అంత యెక్కువగా లోపలికి చొఱబడును. దానినంతయు యంత్రము మరల తోడి బయట పోయవలెను. ఈ కారణముచేతనే అంకెను ఒక్క డిగ్రీ పెంచిన, నూటికి సుమారు ఆఱు వంతుల విద్యుత్తు మిగులునని మన దేశపు విద్యుత్పొదుపు సంస్థ, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, చెప్పుచున్నది. ఆ సంస్థ నిర్ణయమునుబట్టి 2020 జనవరి 1వ తేదీనుండి నక్షత్రపు గుర్తుగల గది ఏసీలన్నియు తెఱచినంతనే 24 డిగ్రీలు చూపునట్లు తయారగుచున్నవి. 2025 జూనులో కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రి మనోహర్ లాల్ గారు ఏసీల అంకె 20కి దిగువకు పోకుండ, 28కి మించకుండ హద్దు విధించు ఆలోచనను ప్రకటించిరి. జపానులో 2005లోనే వేసవియందు కార్యాలయములను 28 డిగ్రీల వద్ద నుంచుడని, ఉద్యోగులు కోటును మెడపట్టీని విడిచి రావచ్చునని ప్రభుత్వమువారే ప్రచారము చేసిరి.

మఱి సుఖమునకు తగిన అంకె యేది? ఇచ్చట మన స్త్రీలు చెవియొగ్గి వినదగిన కథ యొకటి కలదు.

ఈ యంత్రము మనుష్యుల సుఖముకొఱకు పుట్టినది కాదు. 1902లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లో నొక ముద్రణాలయమున గాలిలోని తేమకు కాగితము సాగుచు ముడుచుకొనుచు రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకుండుటచే, ఆ తేమను అదుపు చేయుటకు విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు దీనిని కల్పించెను. పిమ్మట నది మనుష్యుల గదులలోనికి వచ్చెను. అప్పుడు ఎంత చల్లదనము సుఖమో లెక్క కట్టవలసి వచ్చినది. డెన్మార్కు దేశపు పండితుడు ఫాంగర్ 1970లో ప్రకటించిన గ్రంథమున సుఖమునకు ఆఱు కారణములను లెక్కించెను: గాలియొక్క వేడి, చుట్టునున్న గోడల కప్పుల వేడి, గాలిలోని తేమ, గాలి వీచు వేగము, ధరించిన వస్త్రము, చేయుచున్న పని. చూచితిరా! రిమోటుమీది అంకె ఈ యాఱింటిలో నొక్కటి మాత్రమే. తక్కిన యైదును మన చేతిలో నుండగా, మనము ఆ యొక్కదానినే నొక్కుచు కూర్చుందుము.

ఇక దేహమాట. కార్యాలయములలో చల్లదనమును నిర్ణయించు లెక్కలకు 1960ల నాడు కొలతగా గైకొన్నది 40 యేండ్ల వయసును, 70 కిలోల బరువును గల యొక పురుషుని దేహము. స్త్రీల దేహములో పుట్టు వేడిని ఆ లెక్క ఉన్నదానికంటె హెచ్చుగా చూపుచున్నదని నెదర్లాండ్సు శాస్త్రజ్ఞు లిరువురు 2015లో ‘నేచర్ క్లైమేట్ చేంజ్’ అను పత్రికలో నిరూపించిరి. కార్యాలయములలో స్త్రీలు శాలువలు కప్పుకొని కూర్చుండుటకు గల కారణములలో నిదియు నొకటి. మా అత్తగారి రెండు దుప్పట్లకును మూలము ఇచ్చటనే కలదని నేను మా వారితో నంటిని. వారు నవ్విరి గాని కాదనలేదు.

అయితే ఆ పురుషుడును పడమటి దేశమువాడు, ఈ స్త్రీలును పడమటి దేశమువారు. మన దేహముల సంగతి యేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినది మన తెలుగు స్త్రీయే యని తెలిసినపుడు నాకు కలిగిన సంతోష మింతంత గాదు. వాస్తుశిల్పశాస్త్రమున పండితురాలైన ఇంద్రగంటి మాధవి గారు 2008 వేసవిలోను, వానకాలారంభమునను హైదరాబాదు అపార్టుమెంట్లలో నివసించు నూర్గురకు పైబడిన వారిని పలుమార్లు ప్రశ్నించి, వారి గదుల వేడిని కొలిచిరి. అవి ఏసీతో మూసిన గదులు కావు. కిటికీలు, పంకాలు గల మామూలు ఇండ్లు. అప్పటి జాతీయ నియమావళి దేశమంతటికిని 23 నుండి 26 డిగ్రీల వఱకే సుఖమని చెప్పుచుండగా, ఈ యిండ్లవారు సుమారు 26 నుండి 32 డిగ్రీల వఱకు సుఖముగానే యున్నట్లు తేలినది. చలియు వేడియు ననిపించని నడిమి స్థానము 29 డిగ్రీల దగ్గఱ నుండెను. అలవాటుపడిన దేహము, పలుచని వస్త్రము, తిరుగుచున్న పంకా, తీసిన కిటికీ కలిసి ఈ పని చేసినవి.

కాలమునుబట్టి దేహము మాఱును, దేహమునుబట్టి సుఖము మాఱును అనునది మన పెద్దలకు క్రొత్త విషయము కాదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఒకే తీరున వడ్డింపడు. వానకాలమున వేడివేడి వంటకములు, వేసవిలో పలుచని చారు, మజ్జిగ, చల్లని పానీయములు. ఋతువు నెఱిగిన యాతిథ్య మది. పండ్రెండు మాసములును పగలు రేయి యనక 18 పెట్టువాడు ఋతువు నెఱుగనివాడు.

ఇక డబ్బు మాటకు వత్తము. మన రాష్ట్రమున 2022 ఏప్రిలునుండి అమలునకు వచ్చిన గృహవిద్యుత్తు పట్టికను చూడుడు. నెలకు 100 దాటి 200 యూనిట్లలోపు వాడిన యింటికి మొదటి నూటికి యూనిటు 3 రూపాయల 40 పైసలు, రెండవ నూటికి 4 రూపాయల 80 పైసలు. 200 దాటినదా, మొదటినుండియే లెక్క మాఱి, ఆ రెండువందలకును 5 రూపాయల 10 పైసల చొప్పునను, పైవానికి 300 వఱకు 7 రూపాయల 70 పైసల చొప్పునను పడును. స్థిరరుసుములు మొదలగువానిని విడిచి చెప్పుచున్నాను. 200 యూనిట్లకు 820 రూపాయలు. 201కి 1,027 రూపాయల 70 పైసలు. ఆ యొక్క యూనిటు వెల 207 రూపాయల 70 పైసలన్నమాట! 2024 మార్చినుండి గృహజ్యోతి పథకము వర్తించు నిండ్లకు 200 వఱకు బిల్లే లేదు. దాటినచో మొత్తము చెల్లింపవలసినదే. కావున వేసవిలో ఈ రెండువందల గీత ఇల్లాలికి లక్ష్మణరేఖ వంటిది.

ఒక టన్ను ఏసీ 22 వద్ద రాత్రి యెనిమిది గంటలు నడచి 6 యూనిట్లు వాడె ననుకొందము. నెలకు 180. దీపములు, పంకాలు, ఫ్రిజ్జు మొదలగువానికి 60. మొత్తము 240, బిల్లు 1,328 రూపాయలు. అదే ఏసీని 26కు పెంచిన, నాలుగు డిగ్రీలకు నూటికి సుమారు 24 వంతులు తగ్గి 137 యూనిట్లగును. మొత్తము 197, బిల్లు 805 రూపాయల 60 పైసలు. ఏసీని ఆర్పలేదు, నిద్ర చెడలేదు. ఒక నెలలో 522 రూపాయలు మిగిలినవి. గృహజ్యోతి యింటిలో నైనచో 1,328 రూపాయలును మిగిలినవి.

పొదుపు డబ్బుకొఱకే కాదు. మన ప్రక్కనే కృష్ణపై జూరాలవద్ద విద్యుత్తు పుట్టుచున్నది. నాగర్‌కర్నూలు జిల్లాలో, నల్లమల కొండకడుపున, శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రము లాఱు కలవు. అయితే కృష్ణకు వఱద వచ్చునది వానకాలమున; మనకు ఏసీ కావలసినది నీరింకిన వేసవిలో. అప్పటి రాత్రులలో మన గదిని చల్లబఱచుటకు ఎక్కడనో బొగ్గు మండవలసినదే. ఆ బొగ్గుపొగ భూమిని మఱింత వేడెక్కించును. ఆ వేడికి మఱల మనము అంకెను దింపుదుము. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి ఆ శ్రీశైలపు భూగర్భకేంద్రమున అగ్నిప్రమాదము జరిగి తొమ్మండుగురు ఉద్యోగులు ప్రాణములు కోల్పోయిరి. వారిలో నొక స్త్రీ ఇంజనీరును కలదు. మీట నొక్కినంతనే వచ్చు కరెంటు వెనుక మనుష్యులున్నారని నేనప్పటినుండి మఱవలేదు.

ఇప్పుడు మా యింటి పద్ధతిని చెప్పుచున్నాను. పగలు 27, రాత్రి 26, ఎల్లప్పుడును పంకా నెమ్మదిగా. గాలి చర్మమును తాకి చెమటను ఆర్చునపుడు దేహమునకు రెండు మూడు డిగ్రీలు తక్కువైనట్లే తోచును. సామాన్యపు పంకా 75 వాట్లు, క్రొత్త బీఎల్‌డీసీ పంకా 30 వాట్ల చుట్టును వాడును గనుక రాత్రంతయు తిరిగినను అర యూనిటు చుట్టుపట్లనే. మా వారు ఎండనుండి వచ్చినపుడు ముందుగా పంకా క్రింద కూర్చుండి, కుండలోని నీళ్ళు త్రాగి, తడిగుడ్డతో మెడ చేతులు తుడుచుకొందురు. పది నిమిషములలో 27 వారికి చాలుచున్నది. తెల్లవాఱుజామున బయటి గాలి చల్లబడును గనుక చివరి రెండు గంటలకు ఏసీ ఆగునట్లు టైమరు పెట్టి, లేచినంతనే కిటికీలు తెఱతుము. ఎండ యెక్కకముందే పడమటి కిటికీలకు బయటివైపున తడకలు దింపుదుము. ఎండ అద్దమును దాటి లోనికి వచ్చినపిమ్మట పరదా వేసిన ప్రయోజనము తక్కువ. పదునైదు దినముల కొకమాఱు ఏసీ జల్లెడను తీసి కడిగి ఆఱబెట్టుదును. దుమ్ము పట్టినపుడు యంత్రము ఎక్కువ శ్రమపడి తక్కువ చల్లని గాలి నిచ్చును.

ఉగాదికి ముందే స్లాబుపై తెల్లని సున్నపు పూత వేయించితిమి. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. మన రాష్ట్ర ప్రభుత్వము 2023లో ఇట్టి చల్లని పైకప్పులకొఱకు అయిదేండ్ల విధానమునే ప్రకటించినది. ఫాంగర్ చెప్పిన ఆఱింటిలో కప్పు వేడి యొకటి గదా! కప్పు చల్లబడినపుడు గదిలో 27 డిగ్రీలే యున్నను దేహమునకు హాయిగా నుండును. వస్త్రము మఱియొకటి. దానికి మా గద్వాల నేతగాండ్రు ఎన్నడో మార్గము చూపిరి: చీరకు పట్టు అంచు, పట్టు కొంగు, ఒంటికి తగులు నడిమి భాగమంతయు నూలే. శోభ అంచున నుండవలెను, సుఖము ఒంటిమీద నుండవలెను.

కూలరు ఉన్నవారికి ఒక మాట. మన పొడి యెండలో కూలరు మంచిదే, విద్యుత్తును తక్కువ వాడును. దానికి కిటికీ తీసియుండవలెను. వానకాలపు ఉక్కలో అది పనిచేయదు. కూలరును ఏసీని ఒకే గదిలో కలిపి నడపరాదు. ఒకటి గాలికి తేమ నిచ్చును, రెండవది ఆ తేమను పీల్చుటకే కష్టపడును.

ఇంతవఱకు పొదుపును పొగడితిని. ఇక దాని హద్దును చెప్పకున్న నా వ్యాసము అపాయకరమగును. వృద్ధులకు దాహము తెలియుట తగ్గును, చెమట పట్టుట తగ్గును. మా అత్తగారు “నాకేం వేడి లేదు” అన్నంత మాత్రమున వారి దేహము చల్లగా నున్నదని నమ్మరాదు. వడగాలి దినములలో, ముఖ్యముగా పసివారును అఱువది దాటినవారును ఉన్న యింట, గదివేడి పగలు 32కు లోపును, రాత్రి 24కు లోపును ఉండునట్లు చూడుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా యిచ్చుచున్నది. గాలి 40 డిగ్రీలకు చేరినపుడు పంకా మేలు చేయదనియు, వేడిగాలినే దేహమునకు కొట్టుననియు చెప్పుచున్నది. అట్టి రాత్రులలో మా అత్తగారి గదిలో 24 పెట్టి, సన్నని దుప్పటి యొకటి యిత్తుము. ఆ నాలుగు రాత్రుల బిల్లును గూర్చి మాటాడము. ఎవరికైన మాట తడబడి, మతి తప్పి, ఒళ్ళు కాలిపోవుచున్నచో అది వడదెబ్బ; తడిబట్టలు కప్పి, 108కి ఫోను చేయవలెనే గాని నిమ్మరసము కలుపుచు కాలము గడపరాదు.

చివరకు, ఏ అంకెలోను చేరని యొక దేహమును గూర్చి చెప్పవలసి యున్నది. అది మన దేహమే.

మధ్యాహ్నము రెండు గంటలవేళ ఇంటిలో నెవ్వరును లేనపుడు తనకొఱకు ఏసీ వేసికొను ఇల్లాలిని మీరు చూచితిరా? మా వీథిలో నేనడిగిన ప్రతి స్త్రీయు ఒకే మాట యనెను: “నా ఒక్కదాని కోసమా?” భర్త యొక్కరే ఉన్నపుడు “ఆయన ఒక్కరి కోసమా” యని యెవ్వరు ననరు. పిల్లవాడొక్కడే చదువుకొనునపుడు అట్లనరు. ఇంటిల్లిపాది కరెంటును పొదుపు చేయు భారము ఒక్క దేహముమీదనే పడుచున్నది. అదియు ఎట్టి దేహము? మంట గాలికి కదలునని పంకా వేసికొనక, పొయ్యి యెదుట నిలిచి, ఇంటిలో నందఱికంటె ఎక్కువ వేడిని భరించిన దేహము. ఫాంగర్ చెప్పిన ఆఱు కారణములను వంటింటికి అన్వయించి చూడుడు. గాలి వేడి, గోడ వేడి, ఆవిరి, వీవని గాలి, చుట్టుకొన్న చీర, ఎడతెగని పని: ఆఱును ఆమెకు ప్రతికూలములే.

దీనికిని లెక్క కట్టితిని. మన లెక్కలో 26 పెట్టిన యేసీ నెలకు 137 యూనిట్లు గదా. చివరి రెండు గంటలు టైమరుతో ఆపిన, మఱి 34 తగ్గి 103 అగును. తక్కిన వాడుక 60 కలిపి 163. ఇల్లాలు దినమునకు ఒక గంట 27 వద్ద ఏసీ వేసికొని నడుము వాల్చిన, సుమారు ఒక యూనిటు, నెలకు 30. మొత్తము 193. రెండువందల గీత దాటలేదు! బిల్లు 786 రూపాయల 40 పైసలు. అనగా 22 పెట్టి రాత్రంతయు నడపిన యింటికంటె ఆమె విశ్రాంతిని కలిపియు 540 రూపాయలు తక్కువే. మిగిలినదానిలో వంటింటికి వేడిగాలి తోడివేయు ఎగ్జాస్టు పంకా యొకటి పెట్టించుకొనవచ్చును. వేసవిలో పొయ్యిపని తొమ్మిదింటికి ముందే ముగించుకొని, మధ్యాహ్నమునకు మజ్జిగన్నము, పచ్చడి చాలునని ఇంటివారిని ఒప్పించవచ్చును. మా యింట ఒప్పించితిని. మొదట గొణిగినది మా అమ్మాయి మాత్రమే.

సోదరీమణులారా, గృహిణి పొదుపు చేయుట ధర్మమే. కాని పొదుపు చేయవలసినది అక్కఱలేని చలిని, పనిలేని గంటలను, ఎండను త్రాగు నల్లని కప్పును. తన యూపిరిని కాదు. ఈ వేసవిలో రిమోటును ఒకమాఱు మీ చేతికి తీసికొనుడు. ఇంటిలోని దేహములను ఒక్కొక్కటిగా లెక్కించి అంకెను నిర్ణయింపుడు. ఆ లెక్కలో మిమ్మును గూడ చేర్చుకొనుట మఱవకుడు.